మెడ మీది నలుపు మురికి కాదు

సంతోష్‌నగర్‌లో ఒక ఇల్లు అనుకోండి. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషను ఉంది. తల్లి జాకెట్లు కుడుతుంది. తండ్రి ఆటో నడుపుతాడు. కూతురికి 19 ఏళ్లు. డిగ్రీ చదువుతోంది. కొడుకు బడికి పోతున్నాడు.

ఆదివారం పొద్దున తల్లి కూతురికి తలంటుతోంది. కూతురి మెడ వెనక నల్లటి పట్టీ కనిపించింది. తల్లి సున్నిపిండి పెట్టి రుద్దింది. పీచుతో రుద్దింది. నిమ్మచెక్కతో రుద్దింది. మెడ మంట పుట్టింది గాని నలుపు పోలేదు.

"సరిగ్గ స్నానం చెయ్యవు. చూడు, ఎంత మురికి పట్టిందో" అని తల్లి కసిరింది.

"మురికి కాదమ్మా. రోజూ రుద్దుతున్న. పోతలేదు" అంది కూతురు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

కూతురు ఇంటి నుంచి బయటికి పోతే చున్నీ మెడ చుట్టూ చుట్టుకుంటుంది. ఎండాకాలంలో కూడా తియ్యదు. గడ్డం కింద నాలుగు వెంట్రుకలు గట్టిగా మొలుస్తున్నాయి. వాటిని ఎవరూ చూడకుండా పీకేస్తుంది. ఏడాదిలో ఎనిమిది కిలోలు పెరిగింది. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. ఈ ఆఖరు సంగతి తల్లికి కూడా తెలుసు. తెలిసినా పైకి అనదు. ఎవరి చెవినైనా పడితే రేపు సంబంధాలు రావని ఆమె భయం.

మేనత్త వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "తిని కూసుంటే లావు గాక ఏమైతది? పెండ్లి చేయండి, అన్నీ అవే సర్దుకుంటయి."

ఎదురింటి ఆపా మాత్రం వేరే మాట చెప్పింది. "మా పెద్దమ్మాయికి గిట్లనే ఉండె. మెడ రుద్దకు అక్కా. డాక్టరుకు చూపియ్యి. మాకు పీసీఓఎస్ అని చెప్పిన్రు."

మెడ నలుపు, నెలసరి రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు, పెరిగే బరువు. ఇవి నాలుగు వేరు వేరు సంగతుల్లాగా కనిపిస్తాయి. కాని నాలుగింటికీ మూలం ఒకటే అయి ఉండవచ్చు. ఆపా చెప్పిన పీసీఓఎస్ అదే. పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనేది దాని పూర్తి పేరు. కొందరు పీసీఓడీ అని కూడా అంటారు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లలో చాలామందికి తమకు అది ఉన్నట్టే తెలియదు.

నెల నెలా లోపల జరిగేది

ముందు నెలసరి ఎట్లా వస్తుందో తెలుసుకోవాలి.

బొడ్డు కింద గర్భసంచి ఉంటుంది. దానికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. ఒక్కోటి బాదంకాయంత ఉంటుంది. అండాలు, అంటే గుడ్లు, ఉండేది అక్కడే. ఒక్కో గుడ్డు ఒక్కో చిన్న నీటి తిత్తిలో ఉంటుంది. ప్రతి నెలా కొన్ని తిత్తులు పెరగడం మొదలుపెడతాయి. వాటిలో ఒక్కటే పూర్తిగా పెరిగి పగులుతుంది. గుడ్డు బయటికి వస్తుంది. ఈ లోపల గర్భసంచి మెత్తటి పొర పరుచుకొని సిద్ధంగా ఉంటుంది. గర్భం నిలవకపోతే రెండు వారాలకు ఆ పొర ఊడి రక్తంతో బయటికి వస్తుంది. అదే నెలసరి.

ఈ పని అంతా కబుర్ల మీద నడుస్తుంది. ఒంట్లో ఒక చోట నుంచి ఇంకో చోటికి రక్తం ద్వారా పోయే కబురును హార్మోన్ అంటారు. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంది. గుడ్డును పెంచమనే కబురు అక్కడి నుంచి వస్తుంది. అండాశయం కూడా తన హార్మోన్లు తయారు చేస్తుంది. అందులో ఆడ హార్మోన్ ఉంటుంది. కొంచెం మగ హార్మోన్ కూడా ఉంటుంది. ఇది విని సిగ్గుపడే పని లేదు. ప్రతి ఆడమనిషి ఒంట్లో కొంచెం మగ హార్మోన్ ఉంటుంది. ప్రతి మగవాడి ఒంట్లో కొంచెం ఆడ హార్మోన్ ఉంటుంది. చిక్కు వచ్చేది కొలత తప్పినప్పుడే.

కొలత ఎందుకు తప్పుతుంది? చాలామందిలో దాని వెనక ఇంకో హార్మోన్ ఉంటుంది. దాని పేరు ఇన్సులిన్. చక్కెర జబ్బు ఉన్న ఇంట్లో ఈ మాట వినే ఉంటారు.

"నల్లా వచ్చిందీ!"

అన్నం, రొట్టె కడుపులో అరిగి చక్కెరగా మారతాయి. ఆ చక్కెర రక్తంలో కలుస్తుంది. రక్తంలోనే ఉండిపోతే లాభం లేదు. కండల్లోకి పోవాలి, కాలేయంలోకి పోవాలి. అప్పుడే ఒంటికి బలం. ఆ పని చేయించేది ఇన్సులిన్. పొట్ట వెనక ఉండే క్లోమ గ్రంథి దాన్ని తయారు చేస్తుంది.

బస్తీలో నల్లా వచ్చే రోజు గుర్తు తెచ్చుకోండి. నీళ్లు రాగానే ఒకామె గల్లీలో కేక వేస్తుంది. "నల్లా వచ్చిందీ!" అందరూ తలుపులు తీసి బిందెలు పెడతారు. ఇన్సులిన్ కూడా అట్లాంటి కేకే. "చక్కెర వచ్చింది, తలుపు తియ్యండి" అని ఒళ్లంతా చెబుతుంది.

కొందరిలో కండలకు, కాలేయానికి ఈ కేక సరిగా వినపడదు. చెవుడు వచ్చినట్టు ఉంటుంది. అప్పుడు క్లోమం ఏం చేస్తుంది? ఇంకా గట్టిగా అరుస్తుంది. అంటే ఇన్సులిన్ ఎక్కువ వదులుతుంది. గట్టిగా అరిచాక తలుపులు తెరుచుకుంటాయి. రక్తంలో చక్కెర మామూలుగానే ఉంటుంది. పరీక్ష చేయిస్తే రిపోర్టు బాగానే వస్తుంది. కాని ఒంట్లో రాత్రింబవళ్లు కేకలు నడుస్తూనే ఉంటాయి.

ఆ కేకలకు ఒళ్లు ఏమవుతుందో చూడండి.

అండాశయానికి చెవుడు రాలేదు. దానికి కేక బాగా వినపడుతుంది. అది తన పని మించి చేస్తుంది. మగ హార్మోన్ ఎక్కువ తయారు చేస్తుంది. మామూలుగా రక్తంలో ఒక మాంసకృత్తి ఈ మగ హార్మోన్‌ను పట్టుకొని ఉంచుతుంది. అది కాలేయంలో తయారవుతుంది. ఇన్సులిన్ పెరిగితే కాలేయం దాన్ని తక్కువ చేస్తుంది. పట్టుకునేది లేక మగ హార్మోన్ విడిగా తిరుగుతుంది. అందుకే గడ్డం మీద, పై పెదవి మీద గట్టి వెంట్రుకలు వస్తాయి. మొటిమలు వస్తాయి. తల మీద మాత్రం జుట్టు పలచబడుతుంది.

అండాశయంలో గుడ్డు తిత్తులు పెరగడం మొదలుపెడతాయి. సగంలో ఆగిపోతాయి. ఏదీ పగలదు. గుడ్డు రాదు. గుడ్డు రాకపోతే నెలసరి వేళకు రాదు.

మెడ వెనక, చంకల్లో చర్మం కూడా ఇన్సులిన్ ఎక్కువైతే దళసరి అవుతుంది. నల్లబడుతుంది. తల్లి పీచుతో రుద్దింది దాన్నే. రుద్దితే పోదు. ఇంకా నల్లబడవచ్చు. ఇన్సులిన్ తగ్గితే మెల్లగా అదే తగ్గుతుంది. పీసీఓఎస్ లేకుండా చక్కెర జబ్బు వచ్చే ముందు కూడా కొందరికి ఈ నలుపు వస్తుంది. కాబట్టి మగపిల్లవాడి మెడ మీద కనిపించినా పరీక్ష చేయించాలి.

ఇక కొవ్వు సంగతి. కొవ్వును అందరూ పనిలేని బరువు అనుకుంటారు. కాని కొవ్వు కూడా ఒంట్లో పని చేసే భాగమే. అది కూడా కబుర్లు పంపుతుంది. ఇన్సులిన్ కొవ్వుకు చెప్పే మాట "దాచు, బయటికి తియ్యకు" అని. కేక ఎక్కువైతే దాచడం ఎక్కువవుతుంది. ముఖ్యంగా పొట్ట దగ్గర పేరుకుంటుంది. తుంటి మీది కొవ్వు కంటే పొట్ట లోపలి కొవ్వు ఎక్కువ చేటు చేస్తుంది. దాని నుంచి కారిన కొవ్వు కాలేయానికి చేరుతుంది. కాలేయానికి, కండలకు చెవుడు ఇంకా పెరుగుతుంది. క్లోమం ఇంకా గట్టిగా అరుస్తుంది. గానుగ ఎద్దు తిరిగినట్టు ఇది అక్కడక్కడే తిరుగుతుంది.

మేనత్త మాట ఇక్కడ తేలిపోతుంది. ఆ పిల్ల తిని కూర్చున్నందుకే లావు కాలేదు. మిగతా వాళ్లు తిన్నంతే తిన్నా ఆమె ఒళ్లు దాచుకోమనే కబురు ఎక్కువగా వింటోంది. ఈ గుణం చాలావరకు ఇంటి రక్తంలోనే వస్తుంది. తల్లికో, మేనత్తకో చక్కెర జబ్బు ఉన్న ఇళ్లలో ఎక్కువ చూస్తాం. సన్నగా ఉన్నవాళ్లకు కూడా పీసీఓఎస్ వస్తుంది. సన్నగా ఉంది కదా అని డాక్టరు దగ్గరికి పోకుండా ఆగడం తప్పు.

పాత జబ్బే

ఇది ఈ కాలపు జబ్బు, ఫోన్లు చూడటం వల్ల వచ్చింది అని కొందరు అంటారు. 1721లోనే ఇటలీ దేశంలో ఒక వైద్యుడు దీన్ని పోలిన సంగతి రాసి పెట్టాడు. ఆమె పల్లెటూరి రైతు ఇంటి మనిషి. పెళ్లయింది. కొంచెం లావు. పిల్లలు లేరు. ఆమె అండాశయాలు పావురం గుడ్లంత పెద్దగా, తెల్లగా మెరుస్తూ ఉన్నాయట. 1935లో అమెరికాలోని షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఇట్లాంటి ఏడుగురు ఆడవాళ్ల గురించి రాశారు. చాలా ఏళ్లు దీన్ని ఆ ఇద్దరి పేరుతోనే పిలిచారు. ఇన్సులిన్‌తో దీనికి సంబంధం ఉందని 1980లో గాని బయటపడలేదు. అంతకు ముందు అందరూ అండాశయం ఒక్కదాన్నే చూశారు. దాన్ని కొంత కోసి తీసేసేవారు కూడా. ఇప్పుడు కొయ్యాల్సిన అవసరం చాలా అరుదు.

అయితే కూర్చుని ఉండటం పెరిగింది, తీపి పెరిగింది, నిద్ర తగ్గింది. వీటివల్ల లోపల దాగి ఉన్నది బయటికి వస్తుంది. ఆ మాట నిజమే.

పేరు కూడా మనల్ని కొంచెం మోసం చేస్తుంది. పాలీసిస్టిక్ అంటే చాలా నీటి తిత్తులు అని. స్కాన్ రిపోర్టులో ఈ మాట చూసి గడ్డలు ఉన్నాయేమో, ఆపరేషన్ చెయ్యాలేమో అని భయపడతారు. అవి గడ్డలు కావు. సగంలో ఆగిన గుడ్డు తిత్తులే.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలి?

పెద్దమనిషి అయిన మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. మూడేళ్ల దాకా కొంత తేడా ఉండవచ్చు. ఆ తరువాత 35 రోజులు దాటి దాటి వస్తున్నా, ఏడాదిలో ఎనిమిదిసార్ల కంటే తక్కువ వస్తున్నా డాక్టరుకు చూపించాలి. ఏ వయసులోనైనా మూడు నెలలు రాకపోతే ఆగకూడదు. పెళ్లయిన వాళ్లయితే ముందు గర్భం పరీక్ష చేయించాలి.

"నెల రాకపోతే ఏమాయె, నెత్తురు మిగిలింది" అనుకునే వాళ్లు ఉన్నారు. ఇది ప్రమాదమైన మాట. గర్భసంచి లోపలి పొర ఊడకుండా నెలల తరబడి మందంగా పేరుకుంటుంది. అట్లా ఏళ్లు గడిస్తే గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అది అందరికీ రాదు, తక్కువమందికే వస్తుంది. నెలసరి తెప్పించే మాత్రలతో దాన్ని ఆపవచ్చు.

గొంతు మగగొంతులాగా మారినా, కొద్ది నెలల్లోనే ముఖమంతా వెంట్రుకలు వచ్చినా అది వేరే జబ్బు కావచ్చు. వెంటనే పోవాలి.

సంతోష్‌నగర్ వాళ్లకు పేట్లబురుజులో, సుల్తాన్ బజారులో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి. పేరు ప్రసూతి ఆసుపత్రి అయినా పెళ్లికాని పిల్లల నెలసరి బాధలు కూడా అక్కడ చూస్తారు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో హార్మోన్ల డాక్టర్లు ఉంటారు. అంత దూరం పోయే ముందు బస్తీ దవాఖానాలో అడగవచ్చు. 2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం ‘ఆరోగ్య మహిళ’ అనే పథకం మొదలుపెట్టింది. మంగళవారం ఆడవాళ్ల కోసమే పెట్టిన రోజు. అందులో పీసీఓఎస్ కూడా చేర్చారు. మీ దగ్గర ఏ దవాఖానాలో, ఏ రోజు చూస్తారో ఆశా కార్యకర్తను అడగండి.

డాక్టరు బరువు, బీపీ చూస్తారు. థైరాయిడ్ పరీక్ష రాస్తారు. థైరాయిడ్ తేడా ఉన్నా నెలసరి తప్పుతుంది కదా. మగ హార్మోన్ పరీక్ష రాస్తారు. చక్కెర పరీక్ష తప్పకుండా ఉండాలి. పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు మళ్లీ తీస్తారు. ఆ రెండో లెక్క 140 లోపల ఉండాలి. 200 చేరితే చక్కెర జబ్బు కిందికి వస్తుంది.

స్కాన్ గురించి ఒక మాట. పెద్దమనిషి అయిన ఎనిమిదేళ్ల దాకా స్కాన్ చూసి ఈ జబ్బును తేల్చకూడదు. ఆ వయసు పిల్లల్లో తిత్తులు ఎక్కువ కనిపించడం మామూలే. పదిహేనేళ్ల పిల్లకు ఒక్క స్కాన్ తీయించి పీసీఓఎస్ అని ముద్ర వేస్తే ఒప్పుకోవద్దు. ఇంకెందుకు అట్లా అంటున్నారో అడగండి.

టేపు, చెప్పులు, పళ్లెం

కుట్టు మిషను ఉన్న ఇంట్లో టేపు ఉంటుంది. కింది పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్య నడుము చుట్టూ కొలవండి. ఊపిరి బిగపట్టవద్దు. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. అంటే సుమారు 31న్నర అంగుళాలు. మనవాళ్లు చూడటానికి సన్నగా ఉన్నా పొట్ట లోపల కొవ్వు ఎక్కువ ఉంటుంది. 

లావు ఉన్నవాళ్లు ఎంత తగ్గాలి? సినిమా బొమ్మలాగా కావాల్సిన పని లేదు. బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గితే చాలామందికి నెలసరి దారికి వస్తుంది. 70 కిలోలు ఉంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. అది కూడా ఒక్క నెలలో కాదు, ఆరు నెలల్లో, ఏడాదిలో.

నడకలో ఒక మేలు ఉంది. పని చేస్తున్న కండ ఇన్సులిన్ కేక కోసం ఆగదు. తనకు తానే తలుపు తీసి చక్కెర తీసుకుంటుంది. నడిచినంతసేపు క్లోమానికి అరుపు తగ్గుతుంది. నడక మానిన తరువాత కూడా కొన్ని గంటలు కండకు చెవి బాగా పనిచేస్తుంది. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా ఈ లాభం ఉంటుంది. వారానికి 150 నిమిషాలు కావాలి. ఐదు రోజులు, రోజుకు అరగంట.

ఎక్కడ నడవాలి అంటారు. సంతోష్‌నగర్ పెద్ద రోడ్డు మీద బస్సులు, ఆటోల మధ్య ఆడపిల్ల చేతులు ఊపుకుంటూ నడవడం చెప్పినంత సులువు కాదు. మేడ ఉంటే మేడ మీద నడవవచ్చు. మెట్లు ఎక్కి దిగవచ్చు. మాదన్నపేట కూరగాయల మండీకి పోయేటప్పుడు నడిచి పోయి, బరువుతో వచ్చేటప్పుడు ఆటో ఎక్కవచ్చు. తల్లీకూతుళ్లు కలిసి పోతే ఎవరూ ప్రశ్నలు వెయ్యరు.

తిండి విషయంలో మొదటి లెక్క చాయ్‌ది. రోజుకు ఐదు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు. మొత్తం పది చెంచాలు. చెంచాకు 5 గ్రాములు అనుకుంటే రోజుకు 50 గ్రాములు. నెలకు కిలోన్నర చక్కెర. ఇది ఒక్క మనిషి లెక్క. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు కలపలేదు.

అన్నం పూర్తిగా మానాల్సిన పని లేదు. కొలత తగ్గించి పక్కన కూర పెంచాలి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని ఆ సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో చెప్పింది. మిగతా సగంలో అన్నమో జొన్నరొట్టెనో, పప్పు, గుడ్డు, పెరుగు సర్దుకోవాలి. పప్పు, గుడ్డు తింటే ఆకలి తొందరగా కాదు. చాలా ఇళ్లలో గుడ్డు కొడుకు పళ్లెంలో పడుతుంది, కూతురికి పులుసు మెతుకులు మిగులుతాయి. ఆ పిల్లనే లావు అని తిడతారు. ఇది న్యాయం కాదు.

పస్తులు ఉండవద్దు. పొద్దున తినకుండా ఉంటే సాయంత్రం ఆకలికి మిర్చి బజ్జీలు తింటారు. నెలలో పది కిలోలు తగ్గిస్తామనే పొడులకు డబ్బు పొయ్యవద్దు.

మందులు అవసరమైన వాళ్లకు డాక్టరు రాస్తారు. నెలసరిని దారిలో పెట్టడానికి గర్భనిరోధక మాత్రలు ఇస్తారు. "పెళ్లికాని పిల్లకు ఆ మాత్రలా? రేపు పిల్లలు పుట్టరు" అని తల్లులు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. మాత్ర ఆపితే దాని పని ఆగిపోతుంది. మెట్‌ఫార్మిన్ అనే మాత్ర ఒంటి చెవుడును కొంత తగ్గిస్తుంది. మొదట్లో కడుపులో తిప్పవచ్చు, విరేచనాలు కావచ్చు. అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. పక్కింటి వాళ్ల చీటీ చూపించి మెడికల్ షాపులో ఏదీ కొనవద్దు. వెంట్రుకలకు మందు వాడితే ఆరు నెలలైనా ఓపిక పట్టాలి. ఈలోపు పీకినా, త్రెడింగ్ చేయించుకున్నా తప్పు లేదు.

పిల్లలు పుట్టరు అనే మాట నిజం కాదు. ఆలస్యం కావచ్చు. గుడ్డు విడుదల కావడానికి మాత్రలు ఉన్నాయి. చాలామందికి వాటితోనే గర్భం నిలుస్తుంది. అయితే కడుపుతో ఉన్నప్పుడు చక్కెర పెరిగే అవకాశం ఎక్కువ. మొదటిసారి చూపించుకున్నప్పుడే పీసీఓఎస్ ఉందని చెప్పాలి. ఇప్పుడే పిల్లలు వద్దనుకునే వాళ్లు నెలసరి రావడం లేదు కదా అని ధైర్యంగా ఉండకూడదు. ఏదో ఒక నెల గుడ్డు రావచ్చు.

పెండ్లి చేస్తే సర్దుకుంటుందన్న మేనత్త మాటకు వస్తే, పెండ్లితో హార్మోన్లు మారవు. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో దిగులు, భయం కూడా ఎక్కువగా కనిపిస్తాయి. మాటలు పడేకొద్దీ అవి పెరుగుతాయి. పిల్ల నవ్వడం మానేసినా, నిద్రపోకపోయినా అది కూడా డాక్టరుకు చెప్పవలసిన సంగతే.

దవాఖానాలో అడిగే మొదటి ప్రశ్న ఒకటి ఉంది. "ఆఖరుసారి నెలసరి ఎప్పుడొచ్చింది?" చాలామంది తడబడతారు. సంక్రాంతి ముందో, తరువాతో అంటారు. గోడ మీద క్యాలెండరు ఉంటుంది. నెలసరి వచ్చిన రోజు దాని మీద గుండ్రం చుట్టండి. పక్కన ఎన్ని రోజులు ఉందో అంకె వెయ్యండి. ఇంట్లో అందరూ చూస్తారని కూతురికి సిగ్గయితే చిన్న నోటుబుక్కులో తేదీ రాసుకోవచ్చు.

ఆ కుట్టు మిషను ఇంట్లో తల్లి బట్టల కొలతలు రాసుకునే బుక్కు ఉంది. దాని ఆఖరు పేజీలో ఆమె కూతురి తేదీలు రాసింది. కింద నడుము కొలత రాసింది, 34 అంగుళాలు. తరువాత అదే టేపు తన నడుముకు చుట్టుకుంది. 37 వచ్చింది. తన తల్లికి చక్కెర జబ్బు ఉన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది. ఆ అంకె కూడా పక్కనే రాసుకుంది.

"మంగళవారం ఇద్దరం పోదాం బిడ్డా. పరగడుపున పోవాల్నంట" అంది.